ఐదు పావుల తీర్పు

2024వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ఒక చదరంగపు ఆట 58 ఎత్తులతో ముగిసినది. తెల్ల పావులతో ఆడినవారు అప్పటి ప్రపంచ విజేత, చైనా దేశీయుడు డింగ్ లిరెన్. నల్ల పావులతో ఆడినవారు చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన దొమ్మరాజు గుకేశ్. ఆ దినమున గుకేశ్ వయస్సు పదునెనిమిది సంవత్సరములు. ఆట ముగిసిన క్షణమున ఆయన ప్రపంచ విజేత అయ్యెను. అంతకు ముందు 1985లో గారీ కాస్పరోవ్ ఇరువదిరెండవ యేట ఆ పదవిని పొందియుండెను.

ఆ ఆట చివర బల్ల మీద మిగిలినవి ఐదు పావులు మాత్రమే: రెండు రాజులు, మూడు బంట్లు. ఆ ఐదు పావుల లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి అర్థమగునంత తేలికైనది. అట్టి లెక్క మీద ప్రపంచములోని మేటి ఆటగాండ్రలో ఒకరు ఎట్లు ఓడిపోయిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో చదరంగమును గురించియు, గణితమును గురించియు, అలసిన మనస్సును గురించియు కొంత తెలియును.

పోటీ స్థితి

ఈ పోటీ 2024 నవంబరు 25న ఆరంభమైనది. మొత్తము పదునాలుగు ఆటలు. గెలుపునకు ఒక పాయింటు, సమానమైనచో చెరి అర పాయింటు. మొదటి ఆటను డింగ్ గెలిచెను. మూడవ ఆటను గుకేశ్ గెలిచెను. పదునొకండవ ఆట గుకేశ్‌ది, పన్నెండవది డింగ్‌ది. తక్కినవన్నియు సమానముగా ముగిసినవి. పదుమూడు ఆటల తరువాత ఇరువురకు ఆరున్నర చొప్పున పాయింట్లు ఉండెను. చివరి ఆట కూడ సమానమైనచో మరునాడు వేగపు ఆటలతో తీర్పు జరుగవలసి యుండెను.

గుకేశ్‌కు తోడుగా ఆటను సిద్ధపరచిన బృందములో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడ ఉండెను. అయితే బల్ల ముందు కూర్చున్న తరువాత ఎవరి బుద్ధి వారిదే. సహాయకులకు అక్కడ ప్రవేశము లేదు.

వివరములలోనికి పోవుటకు ముందు పేర్లను స్థిరపరచుకొందము. బల్ల మీద నిలువు వరుసలను ఎడమనుండి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అందురు. అడ్డు వరుసలకు తెలుపువారి వైపునుండి 1 మొదలు 8 వరకు అంకెలు. నిలువుగను అడ్డముగను నడచు పావును ఇక్కడ ఏనుగు అనియు, మూలగా నడచు పావును శకటు అనియు పిలుతము. తెలుపు ఒకసారి, నలుపు ఒకసారి ఆడిన రెండును కలిపి ఒక ఎత్తు.

బంటు తక్కువైనను ఆట సమానమేల?

ఈ ఆటలో 29వ ఎత్తున డింగ్ తన బంటునొకదానిని తానే వదలుకొనెను. దానికి బదులుగా మంత్రులు రెండును బల్ల మీదనుండి తొలగిపోయినవి. మరి రెండు ఎత్తులకు ఒక జత ఏనుగులు కూడ పోయినవి. 32వ ఎత్తు నాటికి ఇరువురకు ఒక్కొక్క ఏనుగు, ఒక్కొక్క శకటు మిగిలినవి. గుకేశ్‌కు మూడు బంట్లు, డింగ్‌కు రెండు. బంట్లన్నియు బల్లకు కుడివైపుననే కలవు.

బంటు చివరి వరుసకు చేరినచో మంత్రిగా మారును. కావున ఒక బంటు ఎక్కువగా నుండుట విలువైన విషయమే. కాని బంట్లన్నియు ఒకే వైపున నున్నప్పుడు కాపాడుకొనువారి పని సులభమగును. వారి రాజు, ఏనుగు, శకటు మూడును ఒక్క చోటనే కాపుండవచ్చును. రెండు దిక్కులకు పరుగెత్తవలసిన అవసరము లేదు. అందుచేత ఈ స్థితిని నిపుణులు సాధారణముగా సమానమనియే లెక్కింతురు.

ఇట్టి చోట రెండు పాత సూత్రములు కలవు. తక్కువ బంట్లు గలవారు బంట్లకు బంట్లను మార్చుకొనవలెను. ఎక్కువ బంట్లు గలవారు పెద్ద పావులకు పెద్ద పావులను మార్చుకొనవలెను. కారణము సులువు. బంట్లన్నియు పోయినచో గెలుచుటకు కావలసిన మంత్రి పుట్టుటకు అవకాశమే లేదు. పెద్ద పావులన్నియు పోయినచో మిగిలిన ఒక్క బంటును ఆపుటకు ఎదుటివారికి రాజు తప్ప దిక్కు లేదు.

డింగ్ మొదటి సూత్రమును చక్కగా పాటించెను. 45, 46 ఎత్తులలో ఒక జత బంట్లు మారినవి. అప్పుడు గుకేశ్‌కు రెండు, డింగ్‌కు ఒకటి మిగిలెను. సమానత్వమునకు మరి ఒక్క బంటు మార్పే దూరము. అయినను గుకేశ్ ఆటను విడువలేదు. రాజును ముందుకు నడిపెను, ఏనుగును తిప్పెను, శకటును సర్దెను. ఎదుటివారి ముందు ఎత్తు ఎత్తునకు ఒక చిన్న ప్రశ్న నుంచెను.

ఏబదియైదవ ఎత్తు

54వ ఎత్తు ముగియునప్పటికి బల్ల ఇట్లున్నది. తెలుపు: రాజు జి1, ఏనుగు ఎఫ్4, శకటు ఎ8, బంటు జి3. నలుపు: రాజు ఇ5, ఏనుగు బి2, శకటు ఇ6, బంట్లు ఎఫ్5, జి4. మొత్తము తొమ్మిది పావులు.

నల్లరాజు తెల్ల ఏనుగును తాకుచున్నాడు. కనుక ఏనుగు తప్పుకొనవలెను. దానిని దూరమున నుంచి, ఏనుగులను మార్చుకొనకుండ కాపాడుకొనుచున్నచో ఆట ఇంకను సాగెడిది. డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి వెనుకకు తెచ్చెను. ఏనుగులు మారినచో పావులు తగ్గును, ఆట తేలికయగును అని ఆ ఎత్తు పిలుపు. కాని పెద్ద పావుల మార్పు ఎవరికి లాభమో పై రెండవ సూత్రము చెప్పుచున్నది.

గుకేశ్ ఏనుగుతో ఏనుగును కొట్టెను. డింగ్ రాజుతో తిరిగి కొట్టెను. ఇంతవరకు అపాయము కనబడదు. రెండు వైపుల శకటులు ఉన్నంతవరకు కాపుదల సాధ్యమే. అసలు లోపము మూలనున్న తెల్ల శకటులో నున్నది. ఎ8 బల్లకు ఒక మూల గడి. మూలలో నున్న శకటుకు ఒకటే దారి: ఎ8 నుండి బి7, సి6, డి5 మీదుగా పోవు మూల వరుస. బల్ల నడుమ నున్న శకటుకు నాలుగు దిక్కులు కలవు. మూలలో మూడు మూసుకొనిపోవును.

56వ ఎత్తున గుకేశ్ తన శకటును డి5 మీద నుంచెను. ఆ ఒక్క దారికి అది అడ్డుకట్ట. తెల్ల శకటు బి7కు పోయినను, సి6కు పోయినను నల్ల శకటు దానిని కొట్టును. కదలకున్నను ఎ8 లోనే కొట్టును. తానే డి5 మీదికి దూకి కొట్టినచో నల్లరాజు తిరిగి కొట్టును. ఏ విధముగ చూచినను శకటుల మార్పు తప్పదు. తెల్ల శకటు అదే రంగు గళ్లలో మరొక దారి గల గడిలో నుండినచో పక్కకు తప్పుకొని యుండెడిది.

57వ ఎత్తున శకటులు రెండును పోయినవి. 58వ ఎత్తున డింగ్ రాజును ఇ3కు తెచ్చెను. గుకేశ్ రాజును ఇ5కు తెచ్చెను. డింగ్ ఓటమి నంగీకరించెను. ఏడున్నరకు ఆరున్నర పాయింట్లతో పోటీ ముగిసినది.

రాజుల ఎదురు

ఇప్పుడు ఆ ఐదు పావులను చూతము. తెలుపు: రాజు ఇ3, బంటు జి3. నలుపు: రాజు ఇ5, బంట్లు ఎఫ్5, జి4. ఎత్తు తెలుపువారిది.

తెల్ల బంటుకు ఎదురుగా జి4లో నల్ల బంటు నిలిచియున్నది, అది కదలలేదు. కదలగలవాడు రాజొక్కడే. రెండు రాజుల నడుమ ఇ4 అను ఒక్క గడి ఖాళీ. ఒక రాజు మరొక రాజునకు తగులు గడిలోనికి పోరాదను నియమము వలన ఇద్దరిలో నెవ్వరును ముందుకు అడుగు వేయలేరు. ఇరుకైన పొలము గట్టు మీద ఇద్దరు ఎదురెదురుగా వచ్చి నిలిచినట్లున్నది. ఎవరి వంతు వచ్చునో వారు గట్టు దిగవలెను. దీనినే ఆపొజిషన్ అందురు. మనము ‘ఎదురు’ అందము. సాధారణముగా ఆటలో ఎత్తు మన వంతైనచో మేలు. ఇక్కడ వంతు వచ్చుటయే కీడు.

తెల్లరాజు డి3కు పోయినచో నలుపు ఎఫ్ బంటును ఎఫ్4కు తోయును. తెల్ల బంటు దానిని కొట్టును. నల్లరాజు ఆ బంటును కొట్టి ఎఫ్4కు చేరును. ఇక మిగిలినది జి4 బంటు ఒక్కటే. తెల్లరాజు ఇ2కు వచ్చుసరికి నల్లరాజు జి3కు పోవును. తన బంటుకు ముందు, గమ్యమునకు రెండు వరుసల దూరమున రాజు నిలిచినచో ఎదుటి రాజు దానిని ఆపలేడు. బంటు మంత్రియగును.

తెల్లరాజు ఎఫ్2కు పోయినచో ఏమి? ఇక్కడ ఒక మెళకువ కలదు. నల్లరాజు తొందరపడి ఇ4కు పోయినచో తెల్లరాజు ఇ2కు వచ్చి తానే ఎదురు పట్టును. కావున నల్లరాజు డి4కు పోవలెను. అప్పుడు రాజుల నడుమ మూలగా ఒక గడి ఖాళీగా నుండును. ఇదియు ఒక విధమైన ఎదురే. తెల్లరాజు ఇ2కు వచ్చినచో నల్లరాజు ఇ4కు వచ్చి నిలుచును. మరల వంతు తెలుపువారిదే. తెల్లరాజు ఒక వైపునకు తప్పుకొనగనే నల్లరాజు మరొక వైపునుండి చొచ్చుకొనిపోయి జి3 బంటును పట్టుకొనును.

డింగ్‌కు ఇదంతయు క్షణములో కనబడినది. అందుచేతనే మరి యొక్క ఎత్తైనను ఆడలేదు. ఆయన తప్పు ఈ లెక్క తెలియకపోవుటలో లేదు. శకటుల మార్పును ఎదుటివారు బలవంతము చేయగలరను విషయమును ఒక్క ఎత్తు ముందుగా చూడకపోవుటలో ఉన్నది.

చివరనుండి వెనుకకు

ఈ ఆట సమానమనియు, ఈ స్థితి ఓటమి యనియు మనము ఇంత నిశ్చయముగా ఎట్లు చెప్పగలుగుచున్నాము? 1913లో జర్మను గణితజ్ఞుడు ఎర్నెస్ట్ జెర్మెలో ఒక సంగతిని వెల్లడించెను. చదరంగములోని ప్రతి స్థితికి మూడు ఫలితములలో ఒకటియే సరియైనది: తెలుపు గెలువగలుగుట, నలుపు గెలువగలుగుట, ఇరువురును సమానముగా నిలుపుకొనగలుగుట. అదృష్టమునకు ఇందులో చోటు లేదు. అయితే ఒక స్థితికి ఆ మూడింటిలో ఏది వర్తించునో కనుగొనుట వేరు పని.

మొత్తము స్థితులెన్ని? నియమబద్ధముగా ఏర్పడగల స్థితులు సుమారు 48 తరువాత 43 సున్నలు వేసిన సంఖ్య యని అంచనా. ఈ సంఖ్య ఎంతటిదో ఊహించుటకు మన నేలమీది ఒక లెక్క వేయుదము. బీచుపల్లి వద్ద రహదారి వంతెన మీదుగా కృష్ణను దాటినవారు వేసవిలో నది పడకను చూచియే యుందురు. అట్టి పడకలో ఒక కిలోమీటరు వెడల్పున, పది కిలోమీటర్ల పొడవున, ఒక మీటరు లోతున ఇసుక యున్నదనుకొందము. ఒక్కొక్క రేణువు ఒక మిల్లీమీటరు అనుకొన్నచో ఘనమీటరునకు నూరు కోట్ల రేణువులు. మొత్తము ఒకటి తరువాత 16 సున్నలు. చదరంగపు స్థితులన్నిటికి ఒక్కొక్క రేణువు చొప్పున కేటాయింపవలెనన్న అట్టి పడకలు 48 తరువాత 27 సున్నలు వేసినన్ని కావలెను. ఏ యంత్రమును వీనిని ఒక్కొక్కటిగా పరిశీలింపజాలదు.

కాని పావులు తగ్గినకొలది సంఖ్య కుదించుకొనిపోవును. ఏడు లేక అంతకు తక్కువ పావులున్న స్థితులు సుమారు నాలుగు కోట్ల కోట్లు. మన పది కిలోమీటర్ల పడకలో నాలుగు వందల మీటర్ల పొడవు ఇసుక చాలును. ఈ పనిని కంప్యూటర్లు పూర్తిచేసినవి. 2012లో మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కంప్యూటరుతో ఏడు పావుల పట్టికలు సిద్ధమైనవి. 2018లో మరింత తక్కువ చోటులో ఇమిడెడి పట్టికలు కూడ పూర్తియైనవి.

పట్టిక తయారుచేయు పద్ధతి మెచ్చదగినది. మనము ఆటను ముందుకు ఆలోచింతుము. యంత్రము చివరనుండి వెనుకకు నడచును. మొదట రాజునకు ఆటకట్టైన స్థితులన్నిటిని గుర్తించును. ఒక్క ఎత్తులో ఆ స్థితికి తీసికొనిపోగలిగినవి గెలుపు స్థితులు. ఏ ఎత్తు వేసినను ఎదుటివారి గెలుపునకే దారితీయు స్థితులు ఓటమి స్థితులు. ఇట్లు ఒక్కొక్క అడుగు వెనుకకు పోవగా, ఇంకేమియు మిగలనప్పుడు, గెలుపునకు గాని ఓటమికి గాని చేరని స్థితులన్నియు సమానములు. ఇందులో అభిప్రాయము లేదు, అంచనా లేదు; గణితములో వలె తీర్పు నిశ్చితము.

ఇప్పుడు సింగపూరు ఆటను మరల లెక్కింపుడు. 55వ ఎత్తుకు ముందు తొమ్మిది పావులు; పట్టిక పరిధికి వెలుపల. ఏనుగులు మారగనే ఏడు. పట్టిక పరిధిలోనికి వచ్చినది. శకటులు మారగనే ఐదు. పాఠశాల బాలునికి అందు లెక్క. మూడు ఎత్తుల లోపల ఆట అనుమానపు లోకమునుండి నిశ్చయపు లోకమునకు దిగినది. ఆ మెట్ల మీదనే డింగ్ జారెను.

సమానమైన ఆటను ఏల సాగింపవలెను?

సమానమని తెలిసిన స్థితిని గంటల తరబడి ఆడుట వ్యర్థమని కొందరందురు. 2021 డిసెంబరు 3వ తేదీన దుబాయిలో మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపొమ్నియాష్చి ఆడిన ఆరవ ఆట దీనికి సమాధానము. అది 136 ఎత్తులు సాగినది. పట్టిన కాలము ఏడు గంటల నలువదియైదు నిమిషములు. ప్రపంచ పదవి పోటీలలో అంతకు ముందు మిక్కిలి దీర్ఘమైన ఆట 1978లో బాగియోలో కర్చనోయ్, కార్పొవ్‌ల నడుమ జరిగిన 124 ఎత్తుల ఆట. అది సమానముగా ముగిసినది. దుబాయి ఆట చివరి భాగమున కార్ల్‌సన్‌కు ఏనుగు, గుర్రము, రెండు బంట్లు. ఎదుటివారికి మంత్రి మాత్రమే. రాజులతో కలిపి సరిగా ఏడు పావులు. పట్టిక ప్రకారము నెపొమ్నియాష్చి దానిని నిలుపుకొనవచ్చును. కాని 130వ ఎత్తున మంత్రిని తప్పు గడిలో నుంచి ఓడెను.

ఈ రెండు ఆటలలోను ఒకే సత్యము కలదు. ‘సమానము’ అను మాట స్థితిని గురించి చెప్పునది. ఆటగానిని గురించి కాదు. ఇరువురును ప్రతిసారి సరియైన ఎత్తు వేసినచో సమానము అనియే దాని అర్థము. కాపాడుకొనువారికి కొన్ని తావుల సరియైన ఎత్తు ఒకటి రెండే యుండును. గెలువజూచువారికి తప్పినను సాధారణముగా నష్టము లేదు. భారము ఇరువైపుల ఒక్కటి కాదు.

దీనికి గడియారము తోడగును. సింగపూరు పోటీలో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 120 నిమిషములు. ఆ తరువాత తక్కిన ఆటకు 30 నిమిషములు. 41వ ఎత్తునుండి ఎత్తు ఎత్తునకు 30 సెకండ్లు అదనము. చివరి దశలో డింగ్‌కు మిగిలిన కాలము గుకేశ్ కాలము కంటె చాల తక్కువ. మూడు వారములకు దగ్గరగా సాగిన పోటీ యొక్క అలసట మీద, తరుగుచున్న నిమిషములలో, ‘పావులు తగ్గినచో తేలిక’ అను ఆలోచన మనస్సునకు విశ్రాంతివలె తోచును. ఇరువదియారు ఎత్తులు ఓపికతో నడిపిన గుకేశ్ ఆ క్షణమునకు మేలుకొనియుండెను. ఎదుటివారి తప్పును గుర్తించుట కూడ విద్యయే. ఒక్కసారి ఉపేక్షించినచో అవకాశము మరల రాదు.

తరగతిలో

ఉపాధ్యాయులు ఈ ఐదు పావులను బల్ల మీద నుంచి, విద్యార్థులను ఇద్దరిద్దరిని కూర్చుండబెట్టి ఆడింపవచ్చును. ముందు సమాధానము చెప్పరాదు. నలుపువారు గెలుపును సాధింపవలెను. తెలుపువారు ప్రతి దారిని వెదకవలెను. తరువాత పక్షములు మార్చి మరల ఆడింపవలెను. రాజును ఎఫ్2కు తీసినప్పుడు ఇ4 ఏల పనికిరాదో, డి4 ఏల సరియైనదో బాలురు, బాలికలు తామే కనుగొన్నచో వెనుకకు ఆలోచించు పద్ధతి వారికి పట్టుబడును. జ్యామితిలో సాధింపవలసిన దానినుండి ఇచ్చిన దానికి నడచు పద్ధతియు ఇదే.

అది పట్టుబడిన పిమ్మట ఒక జత శకటులను చేర్చి ఏడు పావులతో ఆడింపుడు. తెల్ల శకటును ఒకసారి ఎ8లో, మరొకసారి అదే రంగు గల వేరొక గడిలో నుంచి ఫలితమును పోల్చి చూపుడు. మూల గడికిని నడిమి గడికిని గల భేదము ప్రపంచ పదవి అంత విలువైనదని అప్పుడు వారికి వేరుగా చెప్పనక్కరలేదు.